సముద్రం ఎడమవైపు

నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల గోదాము పైఅంతస్తులో కూర్చుని నేను ఐర్లండ్ సముద్రతీరం వెంట దారులు రాసేదాన్ని. ఈ మాట చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానె. రెండువేల ఐదు, ఆరు ప్రాంతంలో హబ్సిగూడలో కూర్చుని అమెరికా రోగుల బిల్లులు రాసేవాళ్లుండగా లేనిది, నాచారంలో కూర్చుని నేను ఐర్లండ్ దారులు రాస్తే వింతేమిటి? డబ్లిన్‌లో ఒక చిన్న టూర్ల కంపెనీ ఉండేది. దాని దగ్గరికొచ్చేవాళ్లు కారు అద్దెకు తీసుకుని, సొంతంగా నడుపుకుంటూ తీరమంతా తిరిగేవాళ్లు. పొద్దున ఎక్కడ బయలుదేరాలి, ఏ మలుపు దగ్గర ఆగి చూడాలి, మధ్యాహ్నం ఎక్కడ తినాలి, చీకటి పడకముందే ఏ ఊరు చేరాలి, ఇదంతా రాసి పంపడం మా పని.

మేమంటే నలుగురం. మా సార్, నేను, ఇంకో ఇద్దరు. సార్‌ది కాకినాడ. నాది భువనగిరి పక్కన పల్లెటూరు. అప్పటికి నేను చూసిన పెద్ద నీళ్లంటే హుస్సేన్ సాగరే. ఆ సంగతి తెలిసి సార్ వారం రోజులు నవ్వారు. సముద్రం చూడకుండా సముద్రం గురించి ఎలా రాస్తావమ్మా అన్నారు. మీరు ఐర్లండ్ చూశారా సార్ అని నేనడిగాను. ఆయన టీ చెప్పమని ఎవరినో కేకేసి మాట మార్చారు. నాకు నోరు జాస్తి అని ఆఫీసులో పేరు పడింది ఆ వారంలోనే.

పని మాత్రం సార్ బాగా నేర్పారు. ముందు పటాలు, ఫొటోలు, అంతకుముందు వెళ్లొచ్చినవాళ్ల అభిప్రాయాలు అన్నీ చదివి దారి రాసుకోవాలి. తర్వాత ఒకరు కుర్చీలో డ్రైవరై కూర్చోవాలి. రాసినవాళ్లు పక్క కుర్చీలో కూర్చుని అది పైకి చదవాలి. చర్చి దాటాక కుడికి తిరగండి, రోడ్డు సన్నబడుతుంది, కంగారు పడకండి, రాతిగోడ అయిపోయిన చోట ఒక్కసారిగా సముద్రం కనిపిస్తుంది, ఇలా. కుర్చీలో ఉన్న డ్రైవరు ఎక్కడైనా అర్థంకాక మళ్లీ అడిగితే ఆ ముక్క కొట్టేసి కొత్తగా రాయాలి. కింద గోదాములో లారీలకు సరుకెత్తుతుంటే పైన మేము కుర్చీల్లో కూర్చుని కొండ అంచుల మీద పోతుండేవాళ్లం.

నిజం చెప్పొద్దూ, ఆ పనంటే నాకు ప్రాణం. ఏ ఊరి మలుపులో ఎర్రతలుపు ఇల్లుందో, ఏ వంతెన మీద రెండు కార్లు పట్టవో నాకు కళ్లకు కట్టినట్టుండేది. చిల్కానగర్‌లో మా ఇంటికి కొత్త సందులోంచి వెళ్తే మాత్రం దారి తప్పేదాన్ని.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆ రోజు రాసిన దారి బావకు చెప్పేదాన్ని. బావంటే మా ఆయనే. మేనమామ కొడుకు. చిన్నప్పటి పిలుపు పెళ్లయ్యాక కూడా మారలేదు. నాచారంలోనే ఒక ఫ్యాక్టరీకి స్టాఫ్ బస్సు నడిపేవాడు. పొద్దున పీర్జాదిగూడ నుంచి మనుషుల్ని ఎక్కించుకుంటూ ఉప్పల్, చిల్కానగర్ మీదుగా ఫ్యాక్టరీకి, సాయంత్రం అదే దారిన వెనక్కి. ఏళ్ల తరబడి అవే గుంతలు, అదే ఉప్పల్ చౌరస్తా, కాస్త ఆలస్యమైతే వెనక సీట్లలోంచి అవే తిట్లు. ఏసీ లేదనీ, అటు తిప్పావెందుకనీ, పాటలు పెట్టవేమనీ. బావ మాటకారి కాదు. అన్నీ పడి ఇంటికొచ్చి, అన్నం తింటూ నా దారి వినేవాడు. అడిగితే డ్రైవర్లడిగే ప్రశ్నలే అడిగేవాడు. రోడ్డు ఎంత వెడల్పు, ఎదురుబండి వస్తే ఎవరాగాలి, హారన్ కొడితే ఊరుకుంటారా. అక్కడ హారన్ ఎవరూ కొట్టరట అన్నప్పుడు ముద్ద చేతిలో పట్టుకుని నా మొహం వంక చూశాడు. దారికి గొర్రెలు అడ్డమొస్తాయి జాగ్రత్త అని రాశానంటే మాత్రం నవ్వాడు.

“గొర్ల నడుమ బండి ఎట్ల పోనియ్యాల్నో నాకు చెప్తవా?” అన్నాడు. మా మేనమామ జీవితమంతా గొర్లు కాసిన మనిషి మరి.

రెండేళ్లు తిరిగేసరికి నా దారులకు మంచి పేరొచ్చింది. ఈ అమ్మాయి రాసిన దారిలో పోతే సముద్రం ఎప్పుడూ మన పక్కనే ఉంటుందని వెళ్లొచ్చినవాళ్లు మెచ్చుకునేవాళ్లు. డబ్లిన్ కంపెనీని నడిపేది ఒక పెద్దావిడ. ఆమె ఒకరోజు సార్‌కు ఫోన్ చేసి, ఇంతకాలంగా రాస్తున్నవాళ్లలో ఒక్కరైనా ఆ రోడ్డును కళ్లతో చూడాలి కదా, వచ్చే వేసవికి ఆ అమ్మాయిని పంపండి, భర్తకు బండి నడపడం వస్తే ఇద్దరూ రమ్మనండి, కారు మేమే ఇస్తాం అందట. సార్ ఈ మాట చెప్పేటప్పటికి నేను డ్రైవర్ కుర్చీలో ఉన్నాను. లేచి నిలబడ్డాను.  నా నోరు మూతపడటం అదే మొదటిసారని సార్ అందరికీ చెప్పుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే బావ ముందు బండి సంగతే అడిగాడు. 

“నేనే నడపాల్నా?”

“నువ్వే.”

“ఎనక ఎవ్వరుండరా?”

“ఎవ్వరుండరు. నేనొక్కదాన్నే, అది గూడ పక్క సీట్ల.”

 ఆ పూట తన కంచం తనే కడిగి బోర్లించాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ పని చేసినవాడు కాదు. ఎవరినో ఎక్కడికో చేర్చడానికి కాకుండా, ఒక్కసారి తన కోసం, చూడ్డం కోసం బండి నడపాలని ఆ మనిషికి లోపల ఎంత ఉందో నాకు అప్పుడే తెలిసింది. నాకంటే ఎక్కువగా ఆ ప్రయాణం బావది.

పాస్‌పోర్టులు చేయించుకున్నాం. బావ బయటిదేశంలో నడపడానికి పనికొచ్చే లైసెన్సు తెచ్చుకున్నాడు. చలికాలంలో కోఠిలో టిబెట్ వాళ్ల దగ్గర బేరమాడి స్వెటర్లు కొన్నాం. బస్సులో జనానికి సంగతి తెలిసిపోయి, మమ్మల్ని గూడ డిక్కీల ఏస్కొని పో అన్నా అని ఆటపట్టించేవాళ్లు. గల్లీలో కూరగాయలమ్మే ఆమెకు ఐర్లండ్ ఎక్కడుందో తెలియకపోయినా, అక్కడికి పోయినప్పుడు నీ మొగణ్ణి నాకో మంచి గొడుగు తెమ్మను అని చెప్పింది. అక్కడ వానలెక్కువని నేనే ఆమెకు చెప్పి ఉంటాను. ఆ రోజుల్లో నేను ఎవరికి చెప్పలేదు గనుక.

బావ చేతికి బస్సు అలవాటే గాని కారు కొత్త. స్నేహితుడి పాత కారు అడిగి తెచ్చుకుని ఆదివారాలు నారపల్లి పోయేవాళ్లం. అప్పుడే అక్కడ చేలన్నీ ప్లాట్లవుతున్నాయి. వెంచర్లలో ముందు తారురోడ్లు పడేవి, ఇళ్లు లేచేది ఎప్పటికో. నున్నటి రోడ్లు, తెల్లరంగేసిన హద్దురాళ్లు, గేటుకు రెండువైపులా సిమెంటు ఏనుగులు, మధ్యలో మనిషన్నవాడు లేడు. నేను పక్క సీట్లో కూర్చుని, మా ఇద్దరి కోసం రాసుకున్న దారి చదివేదాన్ని. ఇప్పుడు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నం, ఇప్పుడు చెట్లు అయిపోయినయి, ఇగ ఎడమదిక్కు సూడు, సముద్రం. బావ బుద్ధిమంతుడిలా ఎడమదిక్కు చూసేవాడు. అక్కడ ఎవరిదో ప్లాటు, దాంట్లో తుమ్మమొక్క. సముద్రమంతా నీ దిక్కు వెట్టుకుని గోడ నా దిక్కు వెట్టినవ్ అని సణిగేవాడు. ఆగే చోట్లు బోలెడు పెట్టిన, దిగి కడుపునిండ సూడు అని నేను. ఒకసారి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, ప్లాటు చూడ్డానికి వచ్చిన్రా సార్ అని అడిగాడు. సముద్రం సూడనీకి వచ్చినం అన్నాడు బావ. కొత్తవాళ్లతో బావ పరాచికమాడటం నా జన్మలో అదొక్కసారే విన్నాను.

ఇప్పుడు ఆ వెంచర్లో ఇళ్లు కిక్కిరిసి ఉన్నాయి. ఆ దారిన బస్సులో పోతే నేను అటు చూడను. మేము ఐర్లండ్ వెళ్లిందంటూ ఉంటే ఆ ఆదివారాలే.

ఆ ఎండాకాలం మొదట్లో ఫిర్యాదు వచ్చింది. ఐర్లండ్‌లో కెర్రీ అనే చోట సముద్రంలోకి పొడుచుకుపోయిన నేల ఒకటుంది. దాని చుట్టూ రోడ్డు. పొద్దున బయలుదేరితే చుట్టూ తిరిగి సాయంత్రానికి బయలుదేరిన ఊరికే రావచ్చు. అక్కడ పెద్ద టూరిస్టు బస్సులన్నీ ఒకదానికొకటి ఎదురుపడకుండా ఒకే దిక్కుగా తిరుగుతాయి. నేను ఒక ముసలి దంపతులకు సరిగ్గా ఆ బస్సులకు ఎదురు దారి రాసిపెట్టాను. సన్నటి మలుపులో వాళ్లకు బస్సు ఎదురైంది. కొండ అంచు మీద ఆ పెద్దాయన కారును వెనక్కి, వెనక్కి నడపాల్సి వచ్చింది. రాతిగోడకు కారు గీసుకుంది. దెబ్బలేమీ తగల్లేదు గాని, అంచువైపు కూర్చున్న ఆయన భార్య ఏడ్చేసి, ఇక ఆ కారెక్కనని మొండికేసిందట. వాళ్ల ప్రయాణం అక్కడితో ఆగిపోయింది.

డబ్లిన్ వాళ్లు నా దారులన్నీ బయటికి తీసి చూశారు. కెర్రీ ఒక్కటే కాదు, నేను రాసిన చుట్టుదారులన్నీ ఒకే దిక్కుగా తిరుగుతున్నాయి. ఎందుకలా అని అడిగారు. నేనూ అప్పుడే చూసుకోవడం. పటం ముందేసుకుని ఒక్కో దారి వెంట వేలు తిప్పుతుంటే నాకు ముచ్చెమటలు పోశాయి. అన్నీ ప్రదక్షిణాలే. కొండలూ నేలా కుడిచేతి వైపు, సముద్రం ఎడమచేతి వైపు. గుడి చుట్టూ తిరిగినా, తులసికోట చుట్టూ తిరిగినా, మా ఊళ్లో బొడ్రాయి చుట్టూ తిరిగినా అది మన కుడివైపే ఉండాలి. ఎడమవైపు పెట్టుకుని తిరిగేది చావు దగ్గర. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, కాళ్లకే వస్తుంది. సముద్రం పక్కనే ఉంటుందని జనం మెచ్చుకున్నది కూడా అందుకే. అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు గనుక, అలా తిరిగితే కారు సముద్రం వైపే ఉంటుంది. నలుగురం కుర్చీల్లో కూర్చుని ఆ దారులన్నీ నడిపి చూశాం. ఒక్కరికీ తేడాగా అనిపించలేదు. బస్సులు ఎటు తిరుగుతాయో కనుక్కోవాలని ఒక్కరికీ తోచలేదు.

పెద్దావిడ నాతోనే మాట్లాడతానంది. పొరపాటైందని చెప్పి ఊరుకో అన్నారు సార్. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. నాకొచ్చిన ఇంగ్లీషులో గుడి గురించి, కుడిచెయ్యి గురించి, గౌరవం ఉన్నదాని చుట్టూ మేము ఎలా తిరుగుతామో చెప్పాను.  అంతా విని ఆమె, మా ఊరి దగ్గర ఒక పవిత్రమైన బావి ఉండేది, చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను చెయ్యి పట్టుకుని దాని చుట్టూ తిప్పేది, సరిగ్గా నువ్వు చెప్పిన దిక్కుగానే, సూర్యుడు తిరిగే దిక్కుగా అంది. ఆ గొంతులో కోపం లేదు. నాకు ఫోను పట్టుకునే కళ్లనీళ్లు తిరిగాయి. ఇక మా ప్రయాణానికి ఢోకా లేదనుకున్నాను. ఆమె అంతే మెత్తగా, అయితే ముందు ఈ దారులన్నీ ఒక్కొక్కటీ మళ్లీ చూసి సరిచేయాలి కదా, ఈ వేసవికి నువ్వు అక్కడే ఉండాలి, మీరిద్దరూ వచ్చే ఏడాది రండి అంది.

నిజం చెప్పినందుకు నాకు దక్కింది ఒక మంచి మాట. దాన్నేం చేసుకోను?

 మంచిదే, అప్పటిదాంక చెయ్యి ఇంక సాఫ్ అయితది అని బావ ఆదివారం ఎప్పటిలాగే స్నేహితుడి కారు తెచ్చాడు. నేను వేసవంతా చుట్టుదారుల్ని ఒక్కోటీ విప్పి, అవసరమైన చోట తిరగేసి రాశాను. తిరగేస్తున్నప్పుడల్లా ఒంట్లో ఏదో ఎదురు తిరిగేది. వచ్చే ఏడాది అన్నది రానేలేదు. అన్ని దేశాల్లోనూ ఒకేసారి డబ్బుకు కటకట వచ్చి జనం చేతులు ముడుచుకున్నారు, తిరగడం మానేశారు. పెద్దావిడ కంపెనీ మూసేసుకుంది. నాచారంలో పైఅంతస్తు ఖాళీ చేసిన రోజు సార్ కంప్యూటర్లను ఆటోలో పెట్టిస్తూ, క్షమించమ్మా, నిన్ను పంపలేకపోయాను అన్నారు. ఆయన చేతిలో ఏముంది? అయినా ఆ రోజు ఆయన మీద, ఆ ముసలి దంపతుల మీద, దేవుడి మీద, అందరి మీదా కోపమొచ్చింది నాకు. ఆ పెద్దాయన ఇంకో పది నిమిషాలు ఆలస్యంగా నిద్రలేచినా ఆ బస్సు ఆ మలుపు దాటిపోయేది.

పీర్జాదిగూడలో ఒక స్కూలు ఆఫీసులో చేరాను. ఫీజుల రసీదులు, టీసీలు. ఇంట్లో దారి చెప్పడం మానేశాను. బావ కూడా అడగడం మానేశాడు. అన్నం తినేటప్పుడు టీవీ పెట్టుకునేవాళ్లం, అందులో తెలంగాణ గొడవలు. బంద్‌లు మొదలయ్యాయి. బస్సు తియ్యాలో వద్దో పొద్దున లేచి చూస్తే గాని తెలిసేది కాదు. బంద్ రోజుల్లో బావ ఉప్పల్ చౌరస్తాలో జెండా పట్టుకుని కూర్చొని, సాయంత్రం గొంతు పోయి ఇంటికొచ్చేవాడు. అంత అరవగలడని నాకు తెలియదు.

ఆ మధ్యలోనే షుగర్ బయటపడింది. బావ దాన్ని లెక్కచేయలేదు. ముందు రాత్రిపూట ఎదురుబండి లైట్లు చెదిరినట్టు కనిపిస్తున్నాయన్నాడు. తర్వాత పక్కనుంచి వచ్చే స్కూటర్లు కనపడటం లేదన్నాడు. కళ్ల వెనక రక్తం చిమ్ముతోందని దవాఖానాలో చెప్పి లేజర్ చేశారు. ఉన్న చూపు నిలబడితే అదే చాలన్నారు. ఫ్యాక్టరీవాళ్లు మంచివాళ్లే, బస్సు తీసేసుకుని స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. కొత్త డ్రైవరుకు తాళాలిచ్చిన రోజు బావ నడిచి ఇంటికొచ్చాడు. ఎందుకు నడిచావని నేనడగలేదు. ఆ బస్సులో వెనక సీట్లో కూర్చుని రావడానికి మనసొప్పలేదని నాకు తెలుసు.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది సార్ ఫోన్ చేశారు. ఇప్పుడు ఆయనదే సొంత ట్రావెల్ కంపెనీ. రిటైరైన ఉద్యోగుల్ని ఒక గుంపుగా ఐర్లండ్ తీసుకెళ్తున్నారు, బస్సులో తీరమంతా తిప్పుతారు. వాళ్లకు దారి పొడుగునా చెప్పడానికి మనిషి కావాలి. నీకంటే ఆ రోడ్డు తెలిసినవాళ్లు నాకెవరున్నారమ్మా, నీ ఖర్చంతా నాదే, ఆలోచించుకుని చెప్పు అన్నారు. ఆలోచించుకోవడానికి ఏముందనుకున్నాను. మా ఆయన ఆరోగ్యం బాలేదు సార్, నాకు కుదరదు అని అప్పటికప్పుడే చెప్పేశాను. బావ నడపాల్సిన రోడ్డు అది. బావను ఇంట్లో కూర్చోబెట్టి నేనొక్కదాన్నే పోయి దాన్ని చూసి రావడం నా వల్ల కాదు. ఫోను పెట్టేశాక మనసు తేలికైంది. ప్రేమంటే ఇదే కదా అని కూడా అనిపించింది. ఎంత పిచ్చిదాన్నో.

సార్‌కు ఇంకో మనిషి దొరికిందని తెలిశాక, ఒకరోజు అన్నం పెడుతూ ఈ సంగతి బావకు చెప్పాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను.

“నాకెరికే,” అన్నాడు. “సార్ ముందుగాల నాకే ఫోన్ జేసిండు. నువ్వు బడిల ఉంటివి. పంపుతవా అంటే, మంచిగ పంపుత అన్న. నువ్వొచ్చి చెప్తవని సూస్తున్న.”

“నిన్ను ఇడిసిపెట్టి నేనొక్కదాన్ని ఎట్ల పోత బావా?”

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. నా మొహం ఉందనుకున్న దిక్కుకు తల తిప్పాడు. నేను కొద్దిగా పక్కన ఉన్నాను.

“నాకు ఇగ ఏ రోడ్డూ కనపడది. ఆ ముచ్చట అయిపోయింది. నువ్వు సూడకుండనే గన్నేండ్లు ఎంత మంచిగ చెప్తివి. ఒక్కసారి పోయి, కండ్లతోని సూసొచ్చి చెప్తవనుకున్న.”

అన్నాడు, మళ్లీ తినడంలో పడ్డాడు. నేను కూర గిన్నె పట్టుకుని నిలబడ్డాను. బావకు చెప్పడానికి నా దగ్గర కళ్లతో చూసిన దారి ఒక్కటీ లేదు.